35 ఏళ్ల తర్వాత వచ్చిన 'బ్లేడ్ రన్నర్ 2049' మొదటిదానికి సాటి వస్తుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' మీకు కంఠతా వచ్చు. 2017లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్ 2049' మీద బోలెడు ఆశలు పెట్టుకుని చూశారు. మధ్యలో రెండుసార్లు టైమ్ చూసుకున్నారు. హారిసన్ ఫోర్డ్ ఎప్పుడొస్తాడా అని కాచుకుని కూర్చోవడంతోనే సగం సినిమా అయిపోయింది. పక్కనే ఉన్న మీ చెల్లెలు మొదటి సినిమా చూడనేలేదు, తను మాత్రం చివర్లో ఏడ్చేసింది. సీక్వెల్ నిజంగా మొదటిదానికి సాటి వచ్చిందా, వస్తే మీకెందుకు ఎక్కలేదు, మళ్లీ చూడాలంటే ముందు పాతదాన్ని ఏ వెర్షన్‌లో చూడాలి అని మీ ప్రశ్న.

సాటి వచ్చింది. ఒకటి రెండు చోట్ల దాటింది కూడా. మీకు ఎక్కకపోవడంలో మీ తప్పేమీ లేదు కానీ, అందుకు కారణం సినిమాలో కన్నా మీరు ఎదురుచూసిన తీరులోనే ఎక్కువ ఉంది. కొంచెం పొడుగ్గా చెప్తాను. రెండు కథలూ పూర్తిగా బయటపడతాయి కాబట్టి చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

నేను 20 ఏళ్లకు పైగా ఎడిటింగ్ చేస్తున్నాను. అందులో రెండు సినిమాలు సీక్వెల్సే. ఒకదానికి పని మొదలుపెట్టిన రోజున నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టారు. మొదటి భాగంలో ఎక్కడెక్కడ చప్పట్లు పడ్డాయో, ఎక్కడ నవ్వారో నిమిషాలతో సహా రాసిన లిస్టు అది. ఇంచుమించు అదే నిమిషాలకి ఇందులోనూ ఏదో ఒకటి పడాలి. నేనూ బుద్ధిగా కూర్చుని ఆ లెక్క కుదిర్చాను. పాత ట్యూన్ ఎక్కడ రావాలో అక్కడ వచ్చింది, పాత డైలాగు ఎక్కడ పడాలో అక్కడ పడింది. రిలీజ్ రోజు హాల్లో వెనక వరసలో నిలబడ్డాను. జనం ప్రతిదాన్నీ గుర్తుపట్టారు. గుర్తుపట్టి ఊరుకున్నారు. ఒక్క చప్పట్లు లేవు. అప్పటినుంచీ ఏ సీక్వెల్ చూసినా నా బుర్రలో ఆ కాగితం కదులుతూనే ఉంటుంది: ఇది కథ చెబుతోందా, లిస్టు పూర్తి చేస్తోందా అని.

ముందు ఎదురుచూపు సంగతి చూద్దాం. అన్ని ఎదురుచూపులూ ఒకటి కావు. 'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. ఆ మధ్య జనం నోళ్లలో నానింది ఒకే ఒక్క ప్రశ్న, కట్టప్ప ఎందుకు చంపాడని. ఆ ప్రశ్నని తీసినవాళ్లే కావాలని వేలాడదీశారు, వాళ్లే వచ్చి జవాబు చెప్పారు. అది బాకీ తీర్చడం లాంటిది. 'బ్లేడ్ రన్నర్' సంగతి అది కాదు. లిఫ్ట్ తలుపులు మూసుకుంటాయి, సినిమా అయిపోతుంది. ఎవరికీ ఏ బాకీ లేదు. పైగా 1982 జూన్ 25న అది విడుదలైనప్పుడు తర్వాతి భాగం కోసం కాదు గదా, అసలు దానికోసమే ఎవరూ ఎదురుచూడలేదు. రెండు వారాల ముందు స్పీల్‌బర్గ్ 'ఈ.టీ.' వచ్చి జనాన్నంతా లాగేసుకుంది. అదే రోజు కార్పెంటర్ 'ది థింగ్' కూడా విడుదలై అదీ దెబ్బతింది. ఇవాళ సైన్స్ ఫిక్షన్ అంటే ముందు వరసలో చెప్పే రెండు సినిమాలు ఒకే శుక్రవారం బోర్లా పడ్డాయి.

తర్వాత వీడియో క్యాసెట్ల మీద, టీవీలో, అర్ధరాత్రి షోలలో జనం దాన్ని చూసి చూసి పెద్దది చేశారు. అంటే ఈ సీక్వెల్ కోసం 35 ఏళ్లు కాచుకున్నవాళ్లు కథ ఏమవుతుందా అని కాచుకోలేదు. ఆ వానలోకి, ఆ నియాన్ లైట్లలోకి, వాంజెలిస్ సంగీతంలోకి మళ్లీ ఒకసారి వెళ్లిరావాలని కాచుకున్నారు. మీరూ అందుకే వెళ్లారనుకుంటాను. కొత్త సినిమా మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లలేదు. తీసుకెళ్లకూడదని ముందే తీర్మానించుకుని తీశారు కూడా.

ఇక్కడ వెర్షన్ల గొడవ చెప్పాలి, ఎందుకంటే మీకు కంఠతా వచ్చిన సినిమా ఏదో మీరు రాయలేదు. నేను మొదట చూసింది అరిగిపోయిన క్యాసెట్‌లో. అందులో హారిసన్ ఫోర్డ్ వాయిస్ ఓవర్ మొదటినుంచీ వినిపిస్తూనే ఉంటుంది. చివర్లో ఫోర్డ్ వేసిన పోలీసు డెకార్డ్, అతను ప్రేమించిన రేచల్ ఇద్దరూ పచ్చటి కొండల మీదుగా కారులో హాయిగా వెళ్లిపోతారు. ఆ కొండల షాట్లు ఈ సినిమాకి తీసినవి కావు, స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' కోసం తీయించి వాడకుండా మిగిలిపోయినవి. జనానికి అర్థం కాలేదన్న భయంతో స్టూడియో వాయిస్ ఓవర్ పెట్టించింది, ముగింపు అంటించింది. 1992 డైరెక్టర్స్ కట్‌లో ఈ రెండూ ఎగిరిపోయి, డెకార్డ్‌కి ఒంటికొమ్ము గుర్రం కల వచ్చి చేరింది. 2007లో ఫైనల్ కట్ వచ్చింది. దర్శకుడు రిడ్లీ స్కాట్ చేతికి పూర్తి స్వేచ్ఛ దొరికింది దీనికొక్కదానికే.

మీరు చూడాల్సింది ఈ ఫైనల్ కట్. ఒక్క షాట్ చాలు తేడా తెలియడానికి. డెకార్డ్ వేటాడే రెప్లికెంట్ల (మనిషిలాగే తయారుచేసిన కృత్రిమ మనుషుల) నాయకుడు రాయ్ బాటీ వానలో కూర్చుని చచ్చిపోతాడు కదా, చేతిలోని పావురం ఎగిరిపోతుంది. పాత ప్రింట్లలో రాత్రి, కుండపోత, కింద నుంచి మీద దాకా చీకటి, ఆ పావురం మాత్రం ఎగిరి ఎగిరి మబ్బు తునక లేని నీలాకాశంలోకి వెళ్తుంది! సెట్‌లో తడిసిపోయిన పావురం ఎగరలేకపోతే ఆ షాట్ వేరే రోజు పగలు తీశారు. ఫైనల్ కట్‌లో ఆకాశం సరిచేశారు. ఆ రెప్లికెంట్లలో ఒకతె జోరా అద్దాలు బద్దలు కొట్టుకుంటూ పరిగెత్తే సీన్‌లో డూప్ మొహం స్పష్టంగా తెలిసిపోయేది, 25 ఏళ్ల తర్వాత అసలు నటిని పిలిపించి ఆవిడ మొహాన్ని దాని మీద అతికించారు.

ఇంతకీ ఇదంతా ఎందుకంటే, డెకార్డ్ మనిషా, అతను వేటాడే రెప్లికెంట్ల లాంటి తయారీ మనిషా అన్న వాదన ఉంది కదా, అది వెర్షన్‌ని బట్టి మారుతుంది. క్యాసెట్ చూసినవాడికి ఆ అనుమానమే రాదు. ఒంటికొమ్ము గుర్రం కల చూసి, చివర్లో తోటి పోలీసు గాఫ్ మడిచి వదిలిన కాగితం గుర్రం చూసినవాడికి అనుమానం రాక తప్పదు. అతని కల గాఫ్‌కి ఎలా తెలుసు మరి? దర్శకుడేమో డెకార్డ్ రెప్లికెంటే అంటాడు, ఆ వేషం వేసిన ఫోర్డేమో మనిషే అనేవాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఎవరి మాట మీద వాళ్లు నిలబడ్డారు. సీక్వెల్ తీయబోయేవాడికి ఇది పెద్ద చిక్కు. అవునంటే సగంమంది అలుగుతారు, కాదంటే మిగతా సగం. చెప్పకుండా వదిలేస్తే తప్పించుకున్నాడంటారు.

సీక్వెల్ దర్శకుడు డెని విల్నెవ్ చేసిన పని నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ ప్రశ్న జోలికే వెళ్లకుండా కొత్త హీరోని పెట్టుకున్నాడు. పేరు కె, పోలీసు. అతను రెప్లికెంట్. ఆ సంగతి సినిమా మొదలైన కాసేపటికే తెలిసిపోతుంది, అతనికీ తెలుసు, ఆఫీసులో అందరికీ తెలుసు, నడుస్తుంటే పక్కవాళ్లు మొహం మీదే తిడతారు. మొదటి సినిమా ఊపిరంతా 'ఇతను మనిషేనా' అన్న అనుమానంలో ఉంటే, రెండోది ఆ అనుమానాన్ని గుమ్మం దగ్గరే విడిచేసి లోపలికి వచ్చింది. మనిషి కాదని తెలిసినవాడు ఆ తర్వాత ఏం చేస్తాడన్నది దీని ప్రశ్న.

ఆ మొదటి సీన్ ఒకటి దగ్గరగా చూడండి. పొలం మధ్యలో ఇల్లు, పొయ్యి మీద గిన్నెలో ఏదో మరుగుతూ ఉంటుంది. కె చీకట్లో కుర్చీలో కూర్చుని ఇంటివాడి కోసం చూస్తుంటాడు. కె వేటాడ వచ్చిన రెప్లికెంట్ సాపర్ మోర్టన్ లోపలికొస్తాడు, చేతులు కడుక్కుంటాడు, కళ్లజోడు పెట్టుకుంటాడు. ఇద్దరూ నెమ్మదిగా మాట్లాడుకుంటారు. తర్వాత గోడలు పగిలేలా కొట్టుకుంటారు. ఈ సీన్ నిజానికి 1982 సినిమా కోసం అనుకున్నది. డెకార్డ్ పరిచయంగా రాసుకుని, బొమ్మలు కూడా గీయించుకుని తర్వాత వదిలేశారు. రెండు సినిమాల స్క్రిప్టులోనూ చెయ్యి ఉన్న హాంప్టన్ ఫాంచర్‌కి ఆ గిన్నె గుర్తుంది కాబోలు. అప్పుడు వద్దనుకున్న మొదటి సీనే ఇప్పుడు సీక్వెల్‌కి మొదటి సీను. ప్రేక్షకుడు గుర్తుపట్టగలిగింది ఏదీ అందులో లేదు, అయినా పాత ఇంటి మట్టితోనే కట్టిన గోడ అది. నా టేబుల్ మీది కాగితానికి ఇది పూర్తిగా తిరుగుబాటు.

అక్కడ చెట్టు కింద పెట్టె దొరుకుతుంది, అందులో ఎముకలు. బిడ్డని కంటూ చనిపోయిన ఒక రెప్లికెంట్‌వి. రేచల్‌వి. బిడ్డ ఎక్కడో బతికే ఉండాలి. చెట్టు మొదట్లో చెక్కి ఉన్న తేదీ, కె చిన్నప్పటి జ్ఞాపకంలోని చెక్క గుర్రం అడుగున ఉన్న తేదీ ఒక్కటే. ఇక చెప్పేదేముంది, ఆ బిడ్డ ఇతనే. మనం ఎన్ని జానపద సినిమాలు చూశాం! అడవిలో పెరిగిన కుర్రాడి భుజం మీద పుట్టుమచ్చ చూసి యువరాజని గుర్తుపట్టడం మనకి కొత్తా? కె కూడా మనలాగే అనుకుంటాడు. గుర్రాన్ని వెతుక్కుంటూ వెళ్లి, పాత కొలిమి బూడిదలో చెయ్యి పెట్టి తీసి చూస్తాడు. అది నిజంగానే ఉంటుంది. ఆ తర్వాత అతని నడకే మారిపోతుంది. కానీ పుట్టుమచ్చ నిజమే, యువరాజు మాత్రం వేరే. ఆ బిడ్డ ఆడపిల్ల. జ్ఞాపకం ఆమెది, ఇతని తలలో ఎవరో పెట్టారు. ఆ మాట విన్నప్పుడు కె వేషం వేసిన రయన్ గాస్లింగ్ మొహంలో పెద్దగా ఏమీ కదలదు. ఆ కదలకపోవడమే చూడాలి.

ఆ అమ్మాయి ఆనా. రెప్లికెంట్లకి జ్ఞాపకాలు తయారుచేసి ఇచ్చేది. కె ఆమె దగ్గరికి వెళ్లి నా జ్ఞాపకం నిజమేనా అని అడుగుతాడు. ఆమె చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, ఇది నిజంగా ఒకరికి జరిగిందే అంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఆమె అతని మీద జాలితో ఏడుస్తోందనుకుంటాం. కె అరుస్తాడు, కుర్చీ తంతాడు, మన చూపంతా అతని మీదే. ఎడిటర్ జో వాకర్ ఆమె మొహాన్ని కావలసినదానికన్నా కొద్దిగా ఎక్కువసేపు పట్టుకున్నాడు. మొదటిసారి అది నిదానంలా ఉంటుంది. రెండోసారి చూస్తే ఆమె తన చిన్నతనం కోసం తను ఏడుస్తోందని తెలిసి గుండె జల్లుమంటుంది. ఈ సినిమా నెమ్మదిగా ఉందని మీరు అన్న చోట్లలో సగం ఇలాంటివే. ఆ సెకన్లు రెండోసారి చూసేవాడి కోసం దాచిపెట్టినవి. ఒక్కసారే చూసేవాడికి ఇది అన్యాయమే, ఒప్పుకుంటాను.

నెమ్మది గురించి ఇంకో మాట. మొదటిది వేగంగా ఉండేదని మీ మనసు చెప్తోందా? మళ్లీ చూడండి. డెకార్డ్ ఒక ఫొటోని మెషీన్‌లో పెట్టి, ఎడమకి, కుడికి, దగ్గరికి అంటూ మూలమూలలా వెతికే సీన్ ఉంది. కొన్ని నిమిషాలపాటు మెషీన్ టక్కుటక్కుమనడం తప్ప ఏమీ జరగదు. ఇవాళ అలాంటిది కట్ చేసి చూపిస్తే సగానికి తగ్గించమంటారు. ఇష్టమైన సినిమాని గుర్తుచేసుకున్నప్పుడల్లా మనమే ఎడిటర్లమైపోయి, మధ్యలో ఉన్న ఖాళీలన్నీ తీసి పారేసి దాచుకుంటాం. కొత్త సినిమాకి ఆ సౌకర్యం లేదు. అయినా 117 నిమిషాలకీ 163 నిమిషాలకీ తేడా తేడానే. నన్నడిగితే ఒక పది పన్నెండు నిమిషాలు తీయొచ్చు, ఎక్కడ తీయాలో కూడా చెప్తాను.

ఇందులో రెప్లికెంట్లని తయారుచేసే వాలెస్, జారెడ్ లెటో వేసిన పాత్ర, అతని దగ్గర. మొదటి సినిమాలో ఆ పని చేసే టైరెల్ చదరంగం ఆడుకునే పెద్దమనిషి, తను చేసినదాన్ని చూసి తనే మురిసిపోయేవాడు. వాలెస్ నోరు తెరిస్తే ఉపన్యాసం. అతని గదులు మాత్రం అద్భుతం. నీటి మీద నుంచి పడే వెలుగు గోడల మీద కదులుతూ ఉంటుంది, సూర్యుడే ఎవరో నౌకరులాగా ఆ ఇంట్లో తిరుగుతున్నట్టు. అంత వెలుగులో అంత చప్ప మాటలు! అతని దగ్గర పనిచేసే లవ్ వంద రెట్లు నయం. మనిషిని చంపుతూ కన్నీళ్లు కార్చే ఆ పాత్రకి సిల్వియా హూక్స్ ప్రాణం పోసింది. వాలెస్‌ని తగ్గించి ఆమెకి ఇంకో సీన్ ఇచ్చి ఉంటే నా గొణుగుడు సగం తగ్గేది. రెప్లికెంట్ల తిరుగుబాటు అని చివర్లో ఒక గుంపుని చూపించి గాల్లో వదిలేశారు, దాని సంగతి తర్వాత ఎక్కడా రాదు. అది తర్వాతి సినిమా కోసం వేసిన తలుపులా ఉంది గానీ ఈ ఇంటికి అవసరం లేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు రాయ్ బాటీ. ఆ వేషం వేసిన రుట్గర్ హావర్ లాంటి మనిషి ఇందులో లేడు. ఆ చివరి మాటలు స్క్రిప్టులో ఇంకా పొడుగ్గా ఉండేవి, షూటింగ్ ముందు రోజు రాత్రి అతనే కోసేసి, వానలో కన్నీళ్ల మాట తనే చేర్చుకున్నాడు. (కథలో బాటీ చనిపోయేది 2019లో, హావర్ కూడా 2019 జులైలోనే పోయాడు. ఆ వార్త విన్న రోజు నేను పని ఆపేసి సినిమా పెట్టుకున్నాను.) సీక్వెల్‌లో సముద్రం గోడ పక్కన, మునిగిపోతున్న వాహనంలో జరిగే పోరాటం బాగా తీశారు, కానీ అది పోరాటమే. బాటీ డెకార్డ్‌ని కాపాడినట్టు, ప్రాణం తీయగలిగినవాడు చెయ్యి చాచి ప్రాణం నిలబెట్టడం లాంటి మలుపు అందులో లేదు. ఈ ఒక్క విషయంలో మొదటిదాని పక్కన రెండోది నిలబడలేదు. సంగీతం కూడా కొంచెం అంతే. విల్నెవ్ వెంట ముందు సినిమాలకి పనిచేసిన యోహాన్ యోహాన్సన్ తప్పుకుని హాన్స్ జిమ్మర్, బెంజమిన్ వాల్‌ఫిష్ వచ్చారు. కుర్చీలు అదిరిపోతాయి, నిజమే. వాంజెలిస్ ట్యూన్ ఇంటికొచ్చాక కూడా వెంటపడేది. ఇది హాల్లోనే ఉండిపోతుంది.

ఫొటోగ్రఫీ విషయంలో మాత్రం ఎవరినీ తక్కువ చెయ్యలేను. జోర్డన్ క్రోనెన్‌వెత్ 1982లో పొగలోంచి లైటు కోసి చూపించాడు, ఆ తర్వాత ఎంతమంది అదే చేశారో లెక్కలేదు. రోజర్ డీకిన్స్ దాన్ని మళ్లీ చెయ్యలేదు. వానకి బదులు చాలాచోట్ల మంచు, బూడిద రంగు. లాస్ వేగస్‌లో తెరంతా నారింజ రంగు ధూళి, అందులో ఒంటరిగా నడిచే మనిషి. డీకిన్స్ 14వసారి నామినేట్ అయ్యాక మొదటి ఆస్కార్ తెచ్చిపెట్టింది ఈ సినిమానే. నగరం కట్టడాలకి చాలాచోట్ల పాత పద్ధతిలోనే మినియేచర్లు చేశారు, కంప్యూటర్‌కే వదిలెయ్యలేదు. అది కంటికి తెలుస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా.

ఇప్పుడు ఈ సినిమా మొదటిదాన్ని దాటిందని నేను నమ్మే చోటికి వస్తాను. వాలెస్ డెకార్డ్‌ని పట్టుకుని, నీకు కావలసింది ఇస్తాను, నాకు కావలసింది చెప్పు అంటాడు. చీకట్లోంచి మడమల చప్పుడు. రేచల్ వస్తుంది. అదే జుట్టు, అదే భుజాల కోటు, 1982లో ఎలా ఉందో అలాగే, ఒక్క రోజు వయసు పెరగలేదు. హాల్లో నా పక్కనున్నాయన 'అబ్బా' అన్నాడు. మనందరం కోరుకున్నది అదే కదా, పాతది పాతదిలాగే తిరిగి రావాలని. డెకార్డ్ చాలాసేపు చూస్తాడు. చెయ్యి చాచబోతాడు. తర్వాత పక్కకి జరిగి, ఆమె కళ్లు ఆకుపచ్చవి అంటాడు. అంతే, ఆ రేచల్ అక్కడే తుపాకి దెబ్బకి కూలిపోతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మొదటి సినిమాలో రెప్లికెంటా కాదా అని తేల్చే పరీక్ష మెషీన్ తెర మీద కనిపించే కన్ను ఆకుపచ్చదే, కానీ ఆ వేషం వేసిన షాన్ యంగ్‌వి గోధుమ రంగు కళ్లు. అందుకని డెకార్డ్ పొరపాటు పడ్డాడా, నిజం చెప్పాడా, ఆమెని వద్దనడానికి ఒక సాకు వెతుక్కున్నాడా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా ఓటు సాకుకే. కళ్లు ఏ రంగైనా అతను వద్దనేవాడు. ఒక సీక్వెల్ తన ప్రేక్షకులు 35 ఏళ్లుగా కోరుకున్నదాన్ని సరిగ్గా తయారుచేసి, వెండిపళ్లెంలో పెట్టి తీసుకొచ్చి, హీరో చేతే కాదనిపించింది. తీసినవాళ్లకి ఎంత గుండె ధైర్యం ఉండాలి. వ్యాపారం మాట వేరే. 15 కోట్ల డాలర్లకు పైగా పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి 25 కోట్లు దాటింది, హాళ్ల వాటా, పబ్లిసిటీ ఖర్చు పోతే నష్టమే మిగిలింది. మొదటిదానిలాగే.

ఇలా చేస్తేనే గొప్ప సీక్వెల్ అని నేను అనడం లేదు. 1986 నాటి 'టాప్ గన్' తర్వాత 2022లో 'టాప్ గన్: మావెరిక్' వచ్చింది, 36 ఏళ్ల తేడా. అది పాత టైటిల్స్, పాత సంగీతంతో మొదలై చాలా చోట్ల లిస్టు ప్రకారమే పోతుంది. అయినా నిలబడింది. గొంతు క్యాన్సర్‌తో మాట దాదాపు పోయిన వాల్ కిల్మర్ కంప్యూటర్ మీద టైప్ చేసి టామ్ క్రూజ్‌తో మాట్లాడే సీన్ ఉంది చూడండి, ఆ సీన్ 1986లో ఎవరూ తీయలేరు. మధ్యలో గడిచిన కాలమే అక్కడ కథ. 'దృశ్యం 2' అయితే పోలీస్ స్టేషన్ కింద పాతిపెట్టిన రహస్యం మీదే మళ్లీ కూర్చుంది. దాచినవాడికి అన్నేళ్లూ నిద్ర ఎలా పట్టింది అన్నదాన్ని అల్లుకుంటూ పోయింది. అదే 'భారతీయుడు' చూడండి. 1996లో సేనాపతికి అసలు పరీక్ష కన్నకొడుకు. 28 ఏళ్ల తర్వాత 2024లో అదే దర్శకుడు, అదే కమల్ హాసన్, అదే వేలి దెబ్బ అన్నీ తిరిగొచ్చాయి. ఆ పరీక్ష మాత్రం రాలేదు. శిక్షలు పెరిగాయి, శిక్షించేవాడికి పోయేది ఏమీ లేదు. హాల్లో కూర్చుని నా పాత కాగితాన్నే తలుచుకున్నాను.

మీ చెల్లెలు ఏడ్చిందన్నారు కదా, తను ఎక్కడ ఏడ్చిందో అడగండి. నాకు తెలిసి వంతెన మీద అయ్యుంటుంది. కె ఇంట్లో జాయ్ అనే హోలోగ్రామ్ ఉంటుంది, డబ్బు పెట్టి కొనుక్కున్న తోడు. నువ్వు ప్రత్యేకం అని నమ్మించి, అతనికి జో అని పేరు పెడుతుంది. ఆమె పోయాక, దెబ్బలతో వంతెన మీద నిలబడితే అదే మొహంతో గులాబీ రంగులో ఆకాశమంత ప్రకటన బొమ్మ ఒకటి వంగి అతన్ని పలకరిస్తుంది. అది కూడా జో అనే పిలుస్తుంది. దారిన పోయే ఎవరినైనా పిలిచే పేరు అది. తను కన్నబిడ్డనని అనుకున్నది పోయింది, తనకంటూ పెట్టిన పేరు కూడా పోయింది. ఇంక పట్టుకోవడానికి ఏమీ మిగలని ఆ చోటే అతను డెకార్డ్‌ని కాపాడాలని నిర్ణయించుకుంటాడు, ఎవరూ చెప్పకుండా. దీనికి మొదటి సినిమా తెలియాల్సిన పని లేదు. తను కె కథ చూసింది. మీరేమో డెకార్డ్ కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

అందుకని మళ్లీ చూసేటప్పుడు ఇలా చేయండి. ముందు ఫైనల్ కట్ చూడండి, తర్వాత కనీసం ఒక వారం ఆగండి. రెండూ ఒకే రాత్రి చూస్తే పోలికలు వెతకడం తప్ప ఏమీ మిగలదు. మధ్యకాలం కథ కోసం తీసిన మూడు చిన్న సినిమాలున్నాయి, ఓపికుంటే సాపర్ మోర్టన్‌ది ఒక్కటి చూడండి, మిగతావి లేకపోయినా నష్టం లేదు. లైట్లన్నీ ఆర్పెయ్యండి, ఫోన్‌లో మాత్రం చూడొద్దు. ఫోర్డ్ వచ్చేది సగం దాటాకే అని ఈసారి మీకు తెలుసు కాబట్టి ఆ టెన్షన్ ఉండదు.

ఈసారి చేతులు గమనించండి. మొదట్లో మేడ మీద జాయ్ వానలోకి అరచెయ్యి చాపుతుంది, చినుకులు ఆమెని దాటుకుని పోతుంటే తడుస్తున్నాననుకుని మురిసిపోతుంది. చివర్లో కె మెట్ల మీద నిలబడి మంచులోకి అలాగే అరచెయ్యి చాపుతాడు, మంచు అతని చేతిలో నిలుస్తుంది. వెనక వాంజెలిస్ పాత ట్యూన్ వినపడుతుంది, ఈసారి దాని మీద మాటలేమీ ఉండవు. అతను మెట్ల మీద పడుకుంటాడు. లోపల గాజు గదిలో ఆనా తను తయారుచేసిన మంచు మధ్య నిలబడి ఉంటే, డెకార్డ్ వెళ్లి ఆ అద్దం మీద చెయ్యి ఆనిస్తాడు.